నూట ఎనభై ఆరో పేజీ

ఉరుకుందప్ప గురించి నలభై ఒక్క వ్యాసాలు,
ఒకే అట్టలో.
నాలుగు వందల పేజీలు, వెనక అంటించిన కాగితం మీద
పద్నాలుగు రోజుల గడువు ముద్ర.

ఆదోని ఎండాకాలం. రాత్రి పదైనా పిట్టగోడ కాలుతోంది.
మిద్దె మీద చాప వేసి, సెల్లు వెలుగులో
నేను చదువుతాను, అమ్మ వింటుంది.
అమ్మకు అక్షరాలు రావు.
ఉరుకుందప్ప మాత్రం వచ్చు.

ఎక్కడ పుట్టినాడు?
కోసిగి అంటాడు ఒకాయన. హొళగుంద అని ఇంకొకాయన,
కింద ఆధారాలు చీమల బారు.
వాళ్ళ చెల్లెలు చెప్పింది ఒకటిన్నర పేజీ, ఎవరో రాసుకున్నారు:
"రైల్లోనప్పా. ఏ ఊరు దాటినాకో మాయమ్మకే తెలీదు."
అమ్మ ఆ ఒకటిన్నర పేజీ రెండుసార్లు చదివించుకుంది.

ఒక వ్యాసంలో ఆయన గొంతు మేఘగర్జన.
"ఏం గర్జన," అంది అమ్మ, "కీచు గొంతు.
మొదటి పాటకి నవ్వితిమి.
మూడో పాటకి మిషన్లు ఆపితిమి.
సేటు బయటికొచ్చి, కరెంటు పోయిందా అన్యాడు."

హార్మోనియం లింగన్న వ్యాసం నిండా బాకీలే.
కౌతాళంలో డబ్బులు రాలేదు, ఎమ్మిగనూరులో
సగమే వచ్చినాయి, ఆ సగం కూడా
ఉరుకుందప్ప దారిలో ఎవరికో ఇచ్చేసినాడు.
అన్ని బాకీలూ రాసి చివర్న ఇట్లా రాసినాడు:
"ఆయన శ్రుతి నా పెట్టెలో ఏ మెట్టు మీదా లేదు.
రెండు మెట్ల సందులో ఉండేది."
అమ్మ ఏమీ అనలేదు.
నేను కాసేపు పేజీ తిప్పలేదు.

ఫొటో ఒకటి. కింద: కార్మికులతో ఉరుకుందప్ప.
అమ్మ సెల్లు దగ్గరికి లాక్కుంది.
"ఈ కొంగు మౌలాబీది. మొఖం బేలు ఎనక పడింది."

ఇక నూట ఎనభై ఆరు.
దూది తేలికంటాడు సేటు,
ఊపిరితో తూచి సూడమను.
ఈ రెండు పాదాలకు పదకొండు పేజీలు.
దూది మాయ అట. తూకం కర్మ అట.
ఊపిరి జీవాత్మకు ప్రతీక.

"ప్రతీక అంటే ఏందిమే?"
ఒకటి చెప్పి ఇంకొకటి అనుకోమనడం.
అమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది,
చాలాసేపు బయటికి రాలేదు.
చెంబెడు నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని
"మేం దగ్గును దగ్గనే అంటిమి" అంది.

తర్వాత చెప్పింది, వెల్లకిలా పడుకుని,
నిన్నటి కూర సంగతి చెప్పినట్టు:
"ఆ మాట ఆయప్పది కాదు.
రెండో మిషన్ కాడ ఉండె మౌలాబీ.
దూది పని ఏం బరువని
సేటు కూలి కోసిన పొద్దు
ముక్కుకు కట్టిన గుడ్డ పీకి అనె ఆయమ్మ.
పాడలేదు, తిట్టె.
బేళ్ళు మొయ్యను వచ్చిన ఉరుకుందప్ప
బేలు దించి అడిగె,
అక్కా, ఆ మాట నాకిస్తావా అని.
గోలీసోడా తాగించి తీస్కపో అనె."

తాగించినాడా?
"రెండు తెచ్చె. నాకూ ఒకటి."

పుస్తకం చివర సూచిక ఉంది, మ కింద వెతికినాను.
మంత్రాలయం ఉంది, మద్దెల ఉంది,
మార్మికత పన్నెండు చోట్ల.
మౌనం కూడా ఉంది.
దాని తర్వాత య మొదలైంది.

గడువు రేపటితో సరి.
తమ్ముని సంచిలో పెన్సిల్ ముక్క దొరికింది.
పుస్తకంలో రాసిన యెడల జరిమానా, అని
అట్ట లోపల ఎర్ర సిరాతో ఉంది, ఉండనీ.
మార్జిన్లో, ప్రతీక పక్కన రాసినాను:
మౌలాబీ, రెండో మిషన్. రెండు సోడాలు.

ఏం గీకుతాండావని అడిగింది అమ్మ.
చదివి వినిపించినాను.

"మూడు," అంది.
"ఆయప్ప తాగలేదా?"